ఆరోగ్యమ్మ నడుముకు సరిపడా గాలి

సుందరరావు స్కూటరు వెనక టైరు ఎంత నున్నగా అరిగిపోయిందంటే, దాని మీద వాలిన ఈగ కాలు జారి కింద పడేది. పడ్డ ఈగ లేచి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుని, సిగ్గుతో ఎగిరిపోయేది. ఇదంతా తను కళ్ళారా చూశానని సుందరరావు టీకొట్టు దగ్గర పదిమందికి చెప్పాడు. నమ్మనివాళ్ళు వంగి టైరు చూశారు. ఈగ సంగతి ఏమోగానీ, టైరు మాత్రం గుండు కొట్టించుకున్న తలకాయలాగే ఉంది.

సుందరరావు బడి మెట్టు ఎక్కినవాడు కాదు. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నరసరావుపేటలో ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు, బేసిన్లు, మగ్గులు టోకున తీసుకుని, స్కూటరుకు కట్టుకుని, చుట్టుపక్కల పల్లెల్లో అమ్ముకుంటాడు. సామాను కట్టాక ఎదురుగా వచ్చేవాళ్ళకు స్కూటరు కనబడదు. ఎరుపూ నీలం ఆకుపచ్చా కలిసిన కొండ ఒకటి హారన్ కొట్టుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. ఒకసారి ఆ కొండను చూసి బెదిరిన గేదె మూడు రోజులు పాలివ్వలేదు. నాలుగో రోజు ఇచ్చింది గానీ పాలు లేత నీలంగా వచ్చాయి. ఈ కబురు కూడా సుందరరావు చెప్పిందే.

ఆ కొండ మధ్యలో ఒక మనిషి పట్టేంత గుహ వదిలేవాడు. అందులో అతని భార్య ఆరోగ్యమ్మ కూర్చునేది. ఊళ్ళో బండి ఆగగానే సుందరరావు గొంతెత్తి ఏదో ఒక వింత మొదలుపెట్టేవాడు. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి బయటికి వచ్చేవారు. వాళ్ళు నవ్వుతుండగానే ఆరోగ్యమ్మ గుహలోంచి దిగి, బిందె అడుగు వేళ్ళతో కొట్టి చూపించి, బేరం తేల్చేసేది. నవ్వించడం అతని పని, అమ్మడం ఆమె పని. మొదట సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే కాపురం, ఇదే వ్యాపారం.

గాలి విషయంలో మాత్రం సుందరరావుది ఒకటే మాట. పెట్రోలు బంకులో గొట్టం పట్టుకున్న మనిషి "ఎంత కొట్టమంటావు?" అని అడిగితే "రాయిలాగా కొట్టు" అనేవాడు. పల్నాడులో అతనొక్కడే కాదు, చాలామంది అంతే. టైరును బొటనవేలితో నొక్కితే వేలు నొప్పి పుట్టాలి. అప్పుడే గాలి సరిపోయినట్టు. అంకె ఎంత అనేది ఎవరూ అడగరు.

ఆ రాయి మీద కూర్చుని కూర్చుని, ఫిబ్రవరిలో ఒక మంగళవారం, సత్తెనపల్లి వైపు కంకర పోసిన చోట బండి ఎగిరిపడినప్పుడు ఆరోగ్యమ్మ నడుములో ఏదో కలుక్కుమంది. కొండలోంచి చిన్న కేక వినబడింది. సుందరరావు బండి ఆపి, బిందెలు ఒక్కొక్కటే విప్పి ఆమెను బయటికి తీసేసరికి ఆమె ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

డాక్టరు చూసి, నడుములో డిస్కు కాస్త పక్కకు జరిగిందని, ఆరు వారాలు కదలకుండా ఉండమని చెప్పాడు.

ఆ ఆరు వారాలూ సుందరరావు ఒక్కడే తిరిగాడు. ఊరూరా ఆడవాళ్ళు "అక్క ఏది?" అని అడిగారు. "మా ఆవిడని బిందెల మీటింగుకు ఢిల్లీ పిలిచారు, విమానం చార్జీలు కూడా వాళ్ళే ఇచ్చారు" అన్నాడు. నవ్వారు. నవ్వి లోపలికి వెళ్ళిపోయారు. బిందె కొనలేదు. నవ్విన జనాన్ని ఏం చేయాలో అతనికి తెలియదని అప్పుడు తెలిసింది. సాయంత్రం తిరిగి వస్తుంటే వెనక ఖాళీగా ఉన్న గుహలో గాలి దూరి బూరలాగా ఊదేది. ఆ శబ్దానికి అతనికి ఏడుపు వచ్చేది. ఈ మాట మాత్రం టీకొట్టు దగ్గర చెప్పలేదు.

ఆరు వారాలు అయ్యాక డాక్టరు మళ్ళీ చూసి, బరువులు ఎత్తకూడదని, బండెక్కవచ్చు గానీ కుదుపులు తగలకూడదని అన్నాడు. ఇంటికి వచ్చాక మంచం మీద కూర్చుని ఆరోగ్యమ్మ తన తీర్పు చెప్పింది.

"ఏమయ్యా, ఈ ఆదివారం ముప్పాళ్ళలో మా తమ్ముడి ఇంటికాడ కృతజ్ఞత కూడిక."

"తెలుసులేవే." పోయిన ఏడాది ఆమె తమ్ముడు ప్రభు డెంగీతో చావు దాకా వెళ్ళి వచ్చాడు. దేవుడికి వందనాలు చెప్పుకోవడానికి సంవత్సరం తిరిగాక కూడిక పెట్టుకున్నాడు.

"తమ్ముడు కారు పంపిస్తానన్నాడు. కానీ నేను నీ బండి మీదే వస్తా. ఒక్కసారి చూస్తా. నడుము పట్టకుండా ముప్పాళ్ళ చేర్చావా, సోమవారం నుంచి నీతో యాపారానికి వస్తా. పట్టిందా, ఇక ఈ జన్మలో నీ బండెక్కను. అరుగు మీద నాలుగు బిందెలు పెట్టుకుని ఇంటికాడే కూర్చుంటా. నువ్వు ఊళ్ళెమ్మట తిరుగు, నేను ఇక్కడ ఉంటా. అంతే."

"నన్ను ఒంటిగాణ్ణి చేస్తావా ఏంది?"

"నిన్నెవరు చేశారయ్యా? నీ బండి చేసింది."

సుందరరావు వెంటనే లేచాడు. టైర్లు మార్చాలి. అతని స్నేహితుడు త్రికోటేశ్వరరావు ఇంట్లో చూరుకు ఒక కొత్త టైరు వేలాడుతూ ఉండేది. దాన్ని అడిగి తీసుకుని, దండలాగా మెడలో వేసుకుని, బుధవారం పొద్దున రావిపాడు రోడ్డులో జహంగీర్ టైర్ల షాపుకు వెళ్ళాడు. అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. షాపు పక్కనే జహంగీర్ భార్య మాబున్నీసా పాతపేపర్ల కొట్టు ఉంది. ఇనప సామాను తూచే పెద్ద కాటా గుమ్మం ముందు ఉంటుంది.

జహంగీర్ మంచి పనివాడు. కానీ హాస్యం ఎక్కదు. ఎవరైనా "ఆకలికి చచ్చిపోతున్నా" అంటే అంబులెన్సుకు ఫోను చేసే రకం. చెప్పిన మాటను చెప్పినట్టు తీసుకుంటాడు. సుందరరావుకు ఈ సంగతి తెలియదు.

"భాయ్, ఒకటి తెచ్చుకున్నా. ఇంకొకటి నువ్వెయ్యి. కానీ లావుది కావాలి. బుల్లెట్టుకు వేస్తారే, అట్టాంటిది."

"స్కూటరుకు స్కూటరు టైరే అన్నా." జహంగీర్ గొంతుక్కూర్చుని పాత టైరు పక్కభాగాన్ని తడిగుడ్డతో తుడిచి చదివాడు. "తొంభై, వంద, పది. వెడల్పు తొంభై, ఎత్తు అందులో నూటికి వంద, అంటే అంతే, రింగు పది అంగుళాలు. ఇంతకంటే లావుదేస్తే పక్కన రాసుకుంటది. మలుపుకాడ బండి నీ మాట వినదు."

"మా ఇంటో నా మాట ఎవురింటారు భాయ్? బండి కూడా వినకపోతే ఏందిలే."

"వినాలన్నా. ప్రాణం సంగతి," అన్నాడు జహంగీర్ చాలా గంభీరంగా. తర్వాత సుందరరావు మెడలోని టైరు తీసి తిప్పి చూసి పక్కన పెట్టాడు. "ఇది వద్దు."

"ఏందయ్యా వద్దు? ఒక్క కిలోమీటరు తిరగలేదు. చిన్నపిల్ల."

"ఈ నాలుగంకెలు చూడు. మొదటి రెండూ ఎన్నో వారమో, తర్వాత రెండూ ఏ సంవత్సరమో. పుట్టి ఏడేళ్ళయింది. తిరగకపోయినా రబ్బరు ఎండుద్ది. చూరుకింద వేడికి ఇంకా ఎండింది. వానలో బ్రేకేస్తే నిలబడదు."

"టైరుకు కూడా పుట్టినరోజు ఉంటదా! నాకు లేదు భాయ్. ఉప్పెన వచ్చిన ఏడు పుట్టావు అని మా అమ్మ చెప్పింది. నేను ఏడ్చిన ఏడుపుకే సముద్రం పొంగిందంట."

జహంగీర్ ఆ మాట మీద కాసేపు ఆలోచించాడు. "అట్టా జరగదన్నా," అని చెప్పి, లోపలి నుంచి పోయిన నవంబరులో తయారైన టైర్లు రెండు తెచ్చాడు. పక్కన ఉన్న బాణం గుర్తు బండి పోయే దిక్కుకు ఉండేలా చూసి రెండూ ఎక్కించాడు. తర్వాత చొక్కా జేబులోంచి గాలి కొలిచే పెన్నులాంటి గేజీ తీశాడు. కంప్రెసరు మీద ఉన్న ముల్లును అతను నమ్మడు.

"బరువెంత వేస్తావన్నా? చెబితే దాన్నిబట్టి గాలి కొడతా."

ఇక్కడే సుందరరావు కాలు జారాడు. పాతపేపర్ల కొట్టు దగ్గర నలుగురు నిలబడి వింటున్నారు. వినేవాళ్ళు ఉన్నప్పుడు అతని నోట్లో నిజం ఇరుకుపడుతుంది.

"నేను ఎనభై అయిదు కిలోలు. చూడటానికి సన్నంగా ఉంటా, ఎముక బరువు. మా ఆవిడ డెబ్భై. మహారాణిలాగా ఉంటది. సామాను నూట యాభై. ఒక్కోరోజు దారిలో ఎవురన్నా మేకపిల్లని కూడా ఎక్కిస్తారు, అది లెక్కలో వేయొద్దులే."

జహంగీర్ వేలితో నేల మీద దుమ్ములో రాసి కూడాడు. మూడు వందల అయిదు. అతని ముఖంలో నెత్తురు తగ్గింది.

"ఇంత వేయకూడదన్నా. సగం దించుకో."

"పల్నాడోణ్ణి భాయ్. దించుకునే రకం కాదు."

"కంపెనీ చెప్పిన గాలి ముందు టైరుకు ఇరవై రెండు పౌన్లు, వెనక ఒక్కరే అయితే ఇరవై తొమ్మిది, ఇద్దరైతే ముప్పై ఆరు. నీ బరువుకి అది ఆగదు. టైరు నలిగి రింగు దెబ్బతింటది." మనసు ఒప్పక తల అడ్డంగా ఊపుతూనే ముందు ముప్పై, వెనక నలభై కొట్టాడు. "కానీ ఒక మాట. ఖాళీగా పోయావా, బండి ఎగురుద్ది. బరువేసుకునే పో."

సుందరరావు బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు నొప్పి పుట్టింది. తృప్తిగా నవ్వాడు.

శుక్రవారం సాయంత్రం ఆరోగ్యమ్మను పరీక్షకు ఎక్కించాడు. నడుముకు బెల్టు బిగించుకుని, సీటు మీద దుప్పటి మడత వేసుకుని ఆమె మెల్లగా కూర్చుంది. సందులో నాలుగు స్పీడు బ్రేకర్లు. మొదటిది దాటేసరికి కొత్త టైర్లు నేల మీద బంతుల్లాగా లేచాయి. స్కూటరు ఎంత పైకి లేచిందంటే పక్కింటి డాబా మీద ఆరేసిన ఒడియాలు కనిపించాయని సుందరరావు తర్వాత చెప్పుకున్నాడు. కానీ ఆ క్షణాన అతనికి వినబడింది ఒడియాల సంగతి కాదు, వెనక నుంచి "అబ్బా" అన్న మాట.

ఆరోగ్యమ్మ దిగింది. ఒక చెయ్యి నడుముకు ఆనించి, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, ఇంటి వైపు నడిచింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నాక అంది:

"తమ్ముడికి ఫోను చేశానయ్యా. ఆదివారం ఎనిమిదింటికి కారు వచ్చిద్ది."

"కొత్త టైర్లే ఆరోగ్యం. ఇంకొక్కసారి చూడు."

"ఇరవై ఎనిమిదేళ్ళు చూశాను. నీ బండి నీది, నా నడుము నాది."

ఆ రాత్రి సుందరరావు అన్నం సరిగా తినలేదు. శనివారం మధ్యాహ్నం, మండుటెండలో, సామానంతా కట్టుకుని జహంగీర్ షాపు మీదికి పోట్లాటకు వెళ్ళాడు. కొండలా కనబడే ఆ సామాను చూపించి పదిమందిలో జహంగీర్‌ను సిగ్గుపడేలా చేద్దామని అతని ఉద్దేశం.

"ఏం గాలయ్యా అది? మా ఆవిడ నడుము ఇరిగింది నీ గాలికి!"

జహంగీర్ లేచి నిలబడ్డాడు. "ఎక్కడ ఇరిగింది? ఏ ఆస్పత్రి?"

"అంటే... ఇరగలేదు. పట్టింది."

"బరువేసుకునే పోయావా?"

"మేమిద్దరమే పోయాం. సామాను లేదు."

"అయినా నూట యాభై అయిదు కిలోలు అయ్యా మీరిద్దరూ. ఎగరకూడదే." జహంగీర్ నుదురు చిట్లించి బండి చుట్టూ తిరిగాడు. తప్పు తన చేతిలో జరిగిందేమోనని అతను నిజంగానే బాధపడుతున్నాడు. గేజీ పెట్టి చూశాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. అతని చేతులు అలా తడుముకుంటుంటే చూడలేక సుందరరావు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడే మాబున్నీసా తన కొట్టులోంచి వచ్చి, కట్టిన సామాను మూటను వెనక నుంచి పట్టుకుని ఎత్తింది. ఒక్క చేత్తో. రెండో చేతిలో టీగ్లాసు ఉంది.

"ఏందన్నా, ఇదేనా నూట యాభై కిలోలు? మా ఇంటో దుప్పటి ఇంతకంటే బరువుంటది."

నిలబడినవాళ్ళు గొల్లుమన్నారు. జహంగీర్ నవ్వలేదు. "కాటా ఎక్కించు," అన్నాడు.

బిందెలు, బకెట్లు, తాళ్ళు అన్నీ కలిపి పందొమ్మిది కిలోలు. తర్వాత జహంగీర్ సుందరరావు వైపు చూశాడు. ఎక్కు అనలేదు. ఊరికే చూశాడు.

కాటా నేల నుంచి జానెడు ఎత్తు ఉంటుంది. ఆ జానెడు ఎక్కడానికి సుందరరావుకు కోటప్పకొండ మెట్లన్నీ ఎక్కినంత పనైంది. జేబులోంచి సెల్లు తీసి పక్కన పెట్టాడు. చెప్పులు విప్పాడు. ముల్లు ఊగి, ఊగి, యాభై ఆరు దగ్గర నిలబడింది.

"ఎముక బరువు ఏమయిందన్నా?" అంది మాబున్నీసా.

"ఎండకు కరిగినట్టుంది చెల్లెమ్మా," అన్నాడు సుందరరావు చిన్నగా.

"మరి మా వదినది?"

ఆమె బరువు అతనికి తెలియదు. జేబులో ఆస్పత్రి చీటీ ఉంది. పేర్లూ మందులూ చదవలేడు గానీ అంకెలు చదవగలడు. రెండు తేదీలు, వాటి పక్కన రెండు అంకెలు. ఫిబ్రవరిలో నలభై ఆరు. మొన్న నలభై ఒకటి.

ఆ చీటీని అతను మడిచి, మళ్ళీ విప్పి చూశాడు. మంచం మీద పడుకున్న ఆరు వారాల్లో అయిదు కిలోలు పోయాయి. పక్కనే ఉన్నాడు, గంజి కాచి ఇచ్చాడు, కబుర్లు చెప్పాడు, ఇది మాత్రం చూడలేదు. ఊరి ముందు డెబ్భై కిలోల మహారాణి అని చెబుతూ, నలభై ఒక్క కిలోల మనిషిని రాయి మీద కూర్చోబెట్టి గెంతించాడు.

"నలభై ఒకటి భాయ్," అన్నాడు. "నేను చెప్పినయ్యన్నీ అబద్ధాలే. నీ చెయ్యి తప్పేం లేదు. నీకు అబద్ధం చెప్పాను, నువ్వు అబద్ధానికి గాలి కొట్టావు."

మాబున్నీసా నవ్వు ఆపేసి, తన టీగ్లాసు అతని చేతిలో పెట్టింది.

జహంగీర్ మాత్రం హాయిగా ఊపిరి తీసుకున్నాడు. లెక్క కుదరనందుకే అతనికి బాధ. ఇప్పుడు కుదిరింది. "ఇద్దరూ కలిపి తొంభై ఏడు. సామానుతో నూట పదహారు. మీకు ముప్పై ఆరు కూడా ఎక్కువే. ముందు ఇరవై రెండు, వెనక ముప్పై రెండు చాలు." టైరులోంచి గాలి బుస్సున వదిలాడు. "కానీ ఇప్పుడు టైరు కాలిపోతా ఉంది. వేడికి లోపల గాలి ఉబ్బుద్ది. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తది."

"అచ్చం నాలాగా."

"అవునన్నా, నీలాగే," అన్నాడు జహంగీర్, ఏమాత్రం నవ్వకుండా. "అందుకని ఇప్పుడు ముప్పై అయిదు చూపించేలాగా వదిలా. పొద్దున చల్లబడ్డాక ముప్పై రెండుకు రావాల. అది అందాజే. గాలి సంగతి ఎప్పుడైనా పొద్దున్నే, బండి కదలకముందు చూసుకో."

గాలికి ఏమీ తీసుకోనన్నాడు. సుందరరావు దండం పెట్టి ఇంటికి వచ్చాడు గానీ ఆరోగ్యమ్మకు ఏమీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఇప్పటికి ఆమె దగ్గర అతని మాటకు విలువ, కాటా మీద పెట్టి చూసినా, వందగ్రాములు తూగదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు గుమ్మం ముందు బండి ఆగిన చప్పుడైంది. ఆరోగ్యమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, బైబిలు చేతిసంచిలో పెట్టుకుని, కారు కోసం అరుగు మీద కూర్చుని ఉంది. తలమీద టోపీతో ఒక మనిషి దిగి, సలాం చెప్పి, నేరుగా వెళ్ళి స్కూటరు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏందన్నా? ఎవురు కావాల?"

"జహంగీర్‌నమ్మా. టైర్లు వేసింది నేనే. నమాజు చేసుకుని, బిందెల బండి ఇల్లు యాడని అడుక్కుంటా ఇట్టా వచ్చా. నిన్న ఎండలో అందాజుగా వదిలాను. అందాజుకు నిద్రపట్టలేదు."

గేజీ పెట్టాడు. వెనక ముప్పై మూడు. కాస్త వదిలి ముప్పై రెండు చేశాడు. ముందు ఇరవై ఒకటి. తన బండికి తగిలించి తెచ్చిన చేతిపంపు తీసి, నాలుగు పోట్లు కొట్టి, ఇరవై రెండు చేశాడు. ఎవరూ పిలవకుండా వచ్చి, ఆదివారం పొద్దున, తనకు ఏమీ కాని మనిషి నడుము కోసం ఇతను దుమ్ములో మోకాళ్ళ మీద ఉన్నాడు. సుందరరావు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఈయన మీకు ఎంత బరువని చెప్పాడన్నా?" ఆరోగ్యమ్మ అడిగింది.

"మొదట మూడొందల అయిదు."

"మూడొందలా! ఏనుగును తోలుకొస్తన్నాడనుకున్నారా?"

"లేదమ్మా, ఏనుగు ఇంకా ఎక్కువుంటది. నిన్న మాత్రం నూట పదహారని తేలింది. కాటా మీద చూశాం."

"సామానుదా?"

"సామానుది, అన్నది, మీ చీటీది."

ఆరోగ్యమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఈయన కాటా ఎక్కాడా? అందరి ముందరా?"

"చెప్పులిప్పి ఎక్కాడమ్మా. యాభై ఆరు. తర్వాత నాకు చెప్పినయ్యన్నీ అబద్ధాలని ఒప్పుకున్నాడు."

"పెళ్ళిచూపుల్లో మా నాయనకి ఎనభై అని చెప్పాడన్నా," అంది ఆరోగ్యమ్మ. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. నవ్వితే నడుము లాగుతుందని ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని మరీ నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, చేతిసంచి తీసుకుని లేచింది.

"ఏమయ్యా, సందు చివరిదాకా వస్తా. నొప్పి పుట్టిందా, దిగి కారెక్కుతా."

సుందరరావు బండి తీసిన తీరు చూడాలి. పెళ్ళికూతురిని పీటల మీదికి తెచ్చినట్టు తెచ్చాడు. మొదటి స్పీడు బ్రేకరు వచ్చింది. ముందు టైరు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. వెనక టైరు దాన్ని చూసి నేర్చుకున్నట్టు అలాగే చేసింది. వెనక నుంచి శబ్దం లేదు. రెండోది. శబ్దం లేదు. మూడోదానికి సుందరరావు బండిని నడకంత మెల్లగా పోనిచ్చాడు. నాలుగోది దాటాక బండి ఆపి, వెనక్కి తిరగడానికి భయపడి, రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"ఆరోగ్యం? ఉన్నావా?"

"ఉండక యాడికి పోతా? ఆగావేంది?"

"నొప్పి..."

"నువ్వు ఆపితే ఎండెక్కుద్ది. పోనీ." ఆమె సెల్లు తీసింది. "తమ్ముడా, కారు వద్దురా. మీ బావ బండి మీద వస్తన్నాం. ఆ, నిజంగానే."

సందు మొదట్లో జహంగీర్ ఇంకా నిలబడే ఉన్నాడు. సుందరరావు అద్దంలో అతన్ని చూసి చెయ్యెత్తాడు. అతను చెయ్యెత్తలేదు. వంగి, వెనక టైరు నేలకు ఎంత ఆనిందో దూరం నుంచే చూస్తున్నాడు.

ముప్పాళ్ళలో ప్రభు ఇంటి ముందు షామియానా వేశారు. పాటలయ్యాక, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పే సాక్ష్యాలు మొదలయ్యాయి. సుందరరావు లేచేసరికి వెనక వరసలో వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. పోయినసారి అతని సాక్ష్యంలో స్కూటరును దూతలు నాలుగు మూలలా పట్టుకుని అచ్చంపేట దగ్గర కృష్ణ దాటించారు. అది గంటకు పైగా సాగింది, పులుసు చల్లారిపోయింది.

"ఇరవై రెండు, ముప్పై రెండు," అన్నాడు సుందరరావు.

వెంటనే షామియానా కింద పేజీలు తిరిగిన చప్పుడు. ముసలమ్మలు కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. పాస్టరుగారు కూడా బైబిలు తెరిచి, "ఏ పుస్తకం సుందరం?" అని అడిగారు.

"పుస్తకం కాదయ్యగారూ. టైర్లలో గాలి. ముందుది ఇరవై రెండు, వెనకది ముప్పై రెండు. మా ఆరోగ్యమ్మ నడుముకు సరిపోయిన గాలి అది. నేను బరువు గురించి అబద్ధమాడి ఈమెను ఏడిపించాను. రావిపాడు రోడ్డులో జహంగీర్ భాయ్ అని ఉన్నాడు. ఇయ్యాల పొద్దున పిలవకుండానే మా ఇంటికొచ్చి గాలి చూసిపోయాడు. ఆయన భార్య మాబున్నీసా నన్ను కాటా ఎక్కించింది. వాళ్ళకోసం ప్రార్థన చెయ్యండి. మా ఆవిడ నొప్పి లేకుండా ఇక్కడ కూర్చుంది. దేవుడికి వందనాలు."

కూర్చున్నాడు. ఇంకా ఉందేమోనని జనం కాసేపు చూశారు. లేదు. ప్రార్థనలో పాస్టరుగారు జహంగీర్, మాబున్నీసాల పేర్లు చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆరోగ్యమ్మ.

భోజనాలయ్యాక ప్రభు వచ్చాడు. "అక్కా, ఎండగా ఉంది. కారు చెబుతా, బావ వెనక బండి మీద వస్తాడు."

"వద్దురా. పొద్దున కూర్చున్నట్టే కూర్చుంటా."

"మళ్ళీ నడుము పడితే?"

"పట్టదు. రేపు పొద్దున బెల్లంకొండ వైపు పోవాలి, బిందెలు ఆరు వారాల నుంచి అట్టాగే ఉన్నయ్. ఈయన నవ్విస్తాడు గానీ అమ్మలేడు."

ఆ మాట విన్న సుందరరావు అటు తిరిగి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది. ప్రభు భార్య ఒక గుమ్మడికాయ తెచ్చి స్కూటరు ముందు భాగంలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఆగమ్మాయ్. ఎన్ని కిలోలు ఉంటదది?"

"ఏమో అన్నయ్యా. నాలుగో, అయిదో."

"ఏమో అంటే కుదరదు. నాలుగా, అయిదా? ఎవురింటోనైనా కాటా ఉందా?"

"ఎక్కవయ్యా బాబూ," అంది ఆరోగ్యమ్మ. గుమ్మడికాయ తీసి తమ్ముడి చేతికి తిరిగి ఇచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, అతని భుజం పట్టుకుని వెనక కూర్చుంది.